సంఘం పుస్తకం

పోయిన ఆదివారం మా పెద్దనాయిన నాకు పుస్తకం ఇయ్యనన్నాడు.

ఆరాధన అయిపోయింది. ఆడవాళ్లు చాపలు దులిపి చుట్టి మూలకు పెడుతున్నారు. పెద్దనాయిన గుడి బయట వేపచెట్టు కింద స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. "ఆ బాప్తిస్మాల పుస్తకం ఒక్క వారం ఇస్తే ఫోటోలు తీసుకుని మళ్లీ తెచ్చిస్త పెద్దనాయినా, మన సంఘం చరిత్ర రాయాలె" అని అడిగాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తుండుతో ముఖం తుడుచుకున్నాడు. "నువ్వు రాస్తవు బిడ్డా. మంచిగనే రాస్తవు. అందుకే ఇయ్య" అన్నాడు.

ఈ వరుసలో ఇప్పటిదాకా మా వాడ గురించి, జీతాల గురించి, చెరుకు కోతకు పోయే బండ్ల గురించి రాశాను. గుడి గురించి రాయలేదు. మిత్రులు కొందరు అడిగారు కూడా, మీరు క్రైస్తవులు కదా, ఆ సంగతి ఎందుకు ఎత్తరు అని. ఇప్పుడు ఎత్తుతున్నాను. ఊరి పేరు మాత్రం రాయను, మనుషుల పేర్లు కూడా రాయను. ఎందుకో చివరిదాకా చదివితే తెలుస్తుంది.

మాది నారాయణఖేడ్ పక్కన, సింగూరు వెనక నీళ్లు వచ్చి ఆగే దిక్కు. 1956 దాకా ఈ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాలు విడగొట్టినప్పుడు బీదర్ మైసూరుకు పోయింది, ఉద్గీర్ బొంబాయికి పోయింది, మేము మెదక్ జిల్లాకు వచ్చాం. ఇప్పుడు సంగారెడ్డి జిల్లా. గీతలు ఎక్కడ గీసినా వియ్యాలు ఆగలేదు. అందుకే మా గుడిలో ప్రసంగం తెలుగులో జరుగుతుంది, ఔరాద్ దిక్కు నుంచి వచ్చిన కోడళ్లు ప్రార్థన కన్నడంలో చేస్తారు, ముసలమ్మలు ఒకే వాక్యంలో రెండూ కలిపేస్తారు. దేవునికి అర్థమవుతుంది కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు.

గుడి అంటే పెద్దగా ఊహించుకోకండి. నాలుగు గోడలు, మీద రేకులు. ముప్పై ఒక్క కుటుంబాలు. ఎండాకాలం పదకొండు దాటితే లోపల కూర్చోలేం. చెరుకు కోతకు పోయిన నెలల్లో ముసలోళ్లు, పిల్లలు కలిసి పదిహేను మంది ఉంటే ఎక్కువ. మెదక్‌లో 1924లో పూర్తయిన రాతి గుడిని చూసి వచ్చినవాళ్లు మా గుడిని చూసి "ఇది చర్చేనా" అంటారు. ఆ గుడి కూడా కరువుకాలంలో కూలోళ్లు మోసిన రాళ్లతో లేచిందే అని మా నాయిన వాళ్లకు జవాబు చెప్పేవాడు.

చిన్నప్పుడు మాకు అసలు చిక్కు పేరుతోనే వచ్చేది. ఈ దిక్కు క్రైస్తవులంటే మెథడిస్టులు. జహీరాబాదు, బీదర్ అంతా వాళ్లే. మెదక్ దిక్కు పోతే సీఎస్ఐ. మేమేమో ఎంబీ. "ఎంబీ అంటే ఏంది?" అని బడిలో అడిగితే "మెనోనైట్ బ్రదరెన్" అని చెప్పడం నాకు ఏడో తరగతిలో గాని రాలేదు. అంతకు ముందు ఒక పిల్లగాడు నాకన్నా ముందే జవాబు చెప్పాడు: "ఎంబీ అంటే మాదిగ బస్తీ." క్లాసంతా నవ్వింది. సారు కూడా నవ్వాడు. చరిత్ర తెలియక అన్నాడు గాని, వాడు చెప్పింది మరీ అంత తప్పేం కాదని డాక్టరేట్ చేశాక అర్థమైంది.

పాలమూరు చర్చి మా దాకా ఎట్లా వచ్చింది? తెల్లదొర గుర్రమెక్కి రాలేదు. గుడారం వేసి ప్రసంగం చేయలేదు. మా నాయినమ్మ తట్ట పట్టుకుని వచ్చింది.

ఆమెది వనపర్తి దిక్కు. చిన్నప్పుడు మిషన్ బోర్డింగులో మూడో తరగతి దాకా చదివింది. పెళ్లయ్యాక భర్తతో మేస్త్రి వెంట పనులకు తిరిగింది. పాలమూరు కూలీలంటే ఈ దేశంలో తెలియనిదెవరికి? ఎక్కడ ఆనకట్ట లేచినా, ఎక్కడ కాలువ తవ్వినా అక్కడ పాలమూరు గుడిసెలు వేసుకుని ఉంటారు. మేస్త్రి ముందుగాల పైసలు ఇస్తాడు, ఆ పైసలు తీరేదాకా గుంపు ఆయన వెంట ఉండాలి. నాగార్జునసాగర్ మట్టి, శ్రీశైలం మట్టి మోసిన గుంపుల్లోంచి ఒకటి సింగూరు కట్టకు వచ్చింది. ఆ గుంపులో మా నాయినమ్మ, తాత, వాళ్ల కొడుకు, అంటే మా నాయిన. హైదరాబాదులో మీరు తాగే నీళ్లలో కొంత ఆ కట్ట వెనక ఆగిన నీళ్లే. ఇది దెప్పి పొడవడానికి కాదు, లెక్క చెప్పడానికి రాస్తున్నాను.

ఆమె మూటలో రెండు చీరలు, ఒక ఇత్తడి చెంబు, బియ్యం డబ్బాలో పెట్టుకున్న ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఉండేవట. డబ్బాలో ఎందుకంటే, గుడిసె తడిసినా డబ్బా తడవదు. పొద్దుందాక మట్టి మోసి రాత్రి పొయ్యి దగ్గర కూర్చుని పాడేది. వినడానికి పక్క గుడిసెల వాళ్లు వచ్చేవాళ్లు. కొందరు పాట కోసం, కొందరు పొయ్యి వేడి కోసం వచ్చేవాళ్లని ఆమే నవ్వుతూ చెప్పేది. (తెలుగు సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని గనుక ఒక మాట. పురుషోత్తమ చౌదరి లాంటివాళ్లు పందొమ్మిదో శతాబ్దంలో రాసిన కీర్తనలు నూరేళ్లకు పైగా లక్షల మంది చదువురాని మనుషుల నోళ్లలో ఉన్నాయి. నేను చదివిన ఎం.ఏ. సిలబసులో వాటికి ఒక్క పేజీ లేదు. పదిమంది చదవని ప్రబంధాలకు మాత్రం సెమిస్టర్లు ఇచ్చారు.)

పని అయిపోక ముందే తాత జ్వరంతో పోయాడు. మేస్త్రి బాకీ మిగిలింది. వాపసు పాలమూరుకు పోవడానికి దారి ఖర్చు లేదు, పోయినా అక్కడ చేయడానికి ఏమీ లేదు. కట్ట పనికి కూలికి వచ్చిన మా ఊరి మాదిగామె ఒకావిడ "మా వాడకు రా అక్కా" అని తోలుకుని వచ్చి తన ఇంటి వెనక చోటు చూపించింది. ఆ ఆడమనిషి కొడుకే ఇప్పటి మా సంఘపెద్ద. మా నాయినకు సొంత అన్న కాదు. వాడ వరసకు నాకు పెద్దనాయిన.

రాగానే అందరూ క్రైస్తవులైపోయారని అనుకోకండి. డప్పు దగ్గర పెద్ద పంచాయితే అయింది. పోచమ్మ పండుగకు మా వాడవాళ్లు డప్పు కొట్టాలి, అది ఊరి కట్టడి. నాయినమ్మను నమ్ముకున్న ఇద్దరు మొగోళ్లు కొట్టమన్నారు. దేవుడు వద్దన్నాడనా, కూలి లేకుండా ఎందుకు కొట్టాలనా? రెండూ కావచ్చు. ఊరోళ్లు ఆ యేడు వాళ్లను పనికి పిలవలేదు. వాడలో సగం మంది నాయినమ్మ మీదే కోపానికి వచ్చారు. ఆమె ఏం జవాబు చెప్పిందో పెద్దనాయిన ఇప్పటికీ చెప్తాడు: "డప్పు పాపం కాదు. పిలువంగనే ఉరుకుడు పాపం." ఏ బైబిలు కాలేజీలో నేర్పిన మాటో నాకు తెలియదు. ఎక్కడా నేర్పి ఉండరు.

మొదటి బాప్తిస్మాలకు వనపర్తి దిక్కు నుంచి ఒక పాస్టరయ్య బస్సుల మీద బస్సులు మారి వచ్చాడు. ఎంబీల్లో పసిపిల్లలకు నీళ్లు చల్లడం ఉండదు. బుద్ధి తెలిసినంక, తానే ఒప్పుకుని, నీళ్లలో మొత్తం మునగాలి. మంజీరలో మునగాలంటే రేవు కావాలి. ఊరోళ్ల రేవుకు పోనియ్యలేదు. చివరికి బర్రెలు కడిగే దగ్గర, మోకాలు దాకా బురదలో దిగి, ఏడుగురు మునిగారు. అందులో ఐదుగురు ఆడవాళ్లు.

తర్వాత విశ్వవిద్యాలయం లైబ్రరీలో కూర్చుని ఈ మెనోనైట్లు ఎవరని వెతికినప్పుడు నాకు ఆ బర్రెల రేవే గుర్తుకొచ్చింది. 1525 జనవరిలో స్విట్జర్లాండులోని జ్యూరిక్‌లో కొందరు పడుచువాళ్లు, పుట్టంగనే ఇచ్చిన బాప్తిస్మం మాది కాదు, పెద్దయినంక మేము ఒప్పుకున్నదే మాదని మళ్లీ బాప్తిస్మం పుచ్చుకున్నారు. అందరికీ చిన్న సంగతిలా అనిపిస్తుంది. కాని పుట్టుకతో మతం రాదు అన్నారంటే, పుట్టుకతో రాజుకు జనం మీద ఉండే పట్టును కాదన్నట్టే. రెండేళ్లకు, 1527 జనవరిలో, వాళ్లలో ఒకడైన ఫెలిక్స్ మాంజ్‌ను అదే ఊరి నదిలో చేతులు కట్టి ముంచి చంపారు. నీళ్లు కావాలన్నావు కదా, తీసుకో అన్నట్టు. తర్వాత పదేళ్లకు డచ్చి దేశంలో మెనో సైమన్స్ అనే పాదిరి కాథలిక్ కొలువు వదిలి వాళ్లలో కలిశాడు. ఆయన పేరు మీదే మెనోనైట్లు. కత్తి పట్టరు, యుద్ధానికి పోరు. ఇంకోటి కూడా ఉంది, ఒట్టు పెట్టుకోరు. కోర్టులో కూడా ప్రమాణం చేయరు. ఉన్నదంటే ఉన్నదని, లేదంటే లేదని చెబితే చాలు, మనిషి మాటకు మీద మళ్లీ దేవుని సాక్ష్యం ఎందుకని వాళ్ల వాదన. ఈ ఒట్టు సంగతి గుర్తుపెట్టుకోండి, మా ఇంటి కథ దాని మీదే విరిగింది.

వాళ్లు ప్రష్యాకు పారిపోయారు, అక్కడి నుంచి రష్యా చక్రవర్తుల ఏలుబడిలోని ఉక్రెయిన్‌కు. అక్కడ 1860లో విడిపోయిన ఒక పాయ మెనోనైట్ బ్రదరెన్. నిజం చెప్పాలంటే ఆ పారిపోయిన రైతులు ఉక్రెయిన్‌లో బాగానే సంపాదించారు, అక్కడి పేదలను కూలికి పెట్టుకున్నారు. తన్నులు తిన్నవాడు దొర కాకూడదని ఎక్కడా లేదు. ఆ పాయ నుంచి అబ్రహాం ఫ్రీజెన్ అనే ఆయన 1889లో తెలుగు దేశానికి వచ్చి నల్లగొండలో కుదురుకున్నాడు, అమెరికన్ బాప్తిస్టుల నీడన. అమెరికాకు వలసపోయిన పాయ నుంచి 1899లో హీబర్ట్ దంపతులు నిజాం రాజ్యానికి వచ్చారు. కాథరీనా షెలెన్‌బర్గ్ అనే డాక్టరమ్మ 1907లో వచ్చి 1945లో చనిపోయేదాకా ఇక్కడే వైద్యం చేసింది. 1937లో, ప్రపంచమంతా డబ్బుకు కటకటపడుతున్న కాలంలో, బాప్తిస్టులు పాలమూరు, గద్వాల ప్రాంతాలను ఎంబీలకు అప్పగించారు. అక్కడి సంఘాలు ఒక రోజు బాప్తిస్టులుగా పడుకుని మరో రోజు మెనోనైట్లుగా లేచాయి.

ఈ దొరలు ఎందుకు తెలుగు దేశానికే వచ్చారు? ఒంగోలు పేరు విని వచ్చారు. 1876-78 కరువు, మన పెద్దలు ధాత కరువన్నది. అమెరికన్ బాప్తిస్టు దొర జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల ముక్కను కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు తవ్వకం పని ఇచ్చాడు. ఎక్కువమంది మాదిగలు. వాళ్ల మీద మేస్త్రులుగా ఉన్నది మాదిగ బోధకులే. అన్నం కోసం కలిశారనే మాట రాకూడదని కరువు పని నడిచినన్నాళ్లు బాప్తిస్మాలు ఆపేశాడు. ఆపింది తీశాక, 1878 జులై 3న, గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మంది మునిగారు. ముంచింది క్లౌ కాదు, ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు వంతులేసుకుని. అంతకు పదేళ్ల ముందు నుంచే యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోళ్ల వ్యాపారం మీద తిరిగిన ఊళ్లన్నీ వాక్యం చెబుతూ తిరిగాడు.

అంటే ఏంటి? కాలువ తవ్వే తట్టలోంచి ఒంగోలు సంఘం పుట్టింది. నూరేళ్లకు, కట్ట పోసే తట్టలోంచి మా సంఘం పుట్టింది. మిషన్ చరిత్రల్లో దొరలు ఏ ఓడలో వచ్చారో తేదీతో సహా ఉంటుంది. ఎవరి భార్యకు ఏ జ్వరం వచ్చిందో ఉంటుంది. తెలుగు బోధకుల దగ్గరికి వచ్చేసరికి ఒట్టి పేరే ఉంటుంది, ఇంటి పేరు ఉండదు. బైబిలు ఉమెన్ దగ్గరికి వచ్చేసరికి ఆ పేరు కూడా ఉండదు, "ఒక స్త్రీ" అని ఉంటుంది. అవి చదివి మండి, మా సంఘం చరిత్ర మా మనుషుల పేర్లతో, ఒక్క పేరు వదలకుండా రాయాలని అనుకున్నాను. అందుకే పోయిన ఆదివారం పెద్దనాయినను పుస్తకం అడిగాను.

ఇప్పుడు ఒట్టు సంగతి.

మా నాయిన ఇంటర్ పాసయ్యాడు. మా వాడలో మొదటివాడు. టీచర్ ట్రైనింగుకు పోదామని కులం సర్టిఫికెట్ కోసం పోయాడు. అక్కడ కూర్చున్నాయన ఆపద చేయాలని చూడలేదు, పాపం మంచే చెప్పాడు. "మతం దగ్గర హిందూ అని రాయి. అందరూ గదే రాస్తరు. ఒక అఫిడవిట్ మీద సంతకం పెట్టు, ఎస్సీ వస్తది." నాయిన ఇంటికి వచ్చి నాయినమ్మను అడిగాడు. ఆమె మూడు రోజులు ఏమీ అనలేదట. నాలుగో రోజు, "బర్రెల రేవుల మునిగింది దొంగతనంగ కాదు" అందట. అంతే. నాయిన పోయి క్రైస్తవుడని రాశాడు. బీసీ-సి వచ్చింది.

విద్యార్థి మిత్రులకు తెలియకపోవచ్చు గనుక చెబుతున్నాను. 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా, హిందువు కాని ఎవరూ షెడ్యూల్డ్ కులం కాదంది. 1956లో సిక్కులను చేర్చారు, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉన్నారు. మన దగ్గర 1970లో బీసీల జాబితా తయారైనప్పుడు క్రైస్తవులైన ఎస్సీలను 'సి' అని ఒక అరలో పెట్టి ఒక్క శాతం ఇచ్చారు. ఇప్పటికీ ఒక్క శాతమే. మమ్మల్ని కొడితే అట్రాసిటీ చట్టం లేదు. ఎస్సీకి కేటాయించిన సర్పంచి సీటుకు నిలబడలేం. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఈ మతం షరతు తీసేయమంది. 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేశారు. 2024 నవంబరులో సెల్వరాణి కేసులో సుప్రీంకోర్టు, నమ్మకం లేకుండా రిజర్వేషన్ కోసం మతం మారామనడం రాజ్యాంగాన్ని మోసం చేయడమంది. ఊళ్లో గ్లాసు మాత్రం ఎప్పుడూ మతం అడగలేదు. బాప్తిస్మం పుచ్చుకున్న పెద్దమ్మకూ పుచ్చుకోని పెద్దమ్మకూ హోటల్లో ఒకే పక్కన పెట్టిన గ్లాసు ఉండేది.

నాయినకు ట్రైనింగు సీటు రాలేదు. అదే మార్కులకు ఎస్సీలో వచ్చేదని లెక్క కట్టి చెప్పినవాళ్లు ఉన్నారు. చెరుకు కోతకు పోయాడు, తర్వాత ఒక గోదాముకు వాచ్‌మన్ అయ్యాడు. మా అమ్మ ఆ సంతకాన్ని జీవితాంతం క్షమించలేదు. "సత్యం కూడు పెడ్తదా? పెడ్తే తెమ్మను" అనేది. నేను ఎక్కడ అర్జీ పెట్టినా ఆ ఒక్క శాతంలో నిలబడే వచ్చాను, ఇప్పుడు డిగ్రీ పిల్లలకు తెలుగు చెప్తున్నాను. గర్వంగా చెప్పుకోవాల్నా? గర్వం నాయినది కావచ్చు, ఖర్చు మాత్రం అమ్మది. ఈ రెండింటి మధ్య పెరిగినదాన్ని, ఎటు వైపని అడిగితే నాకిప్పటికీ చెప్పరాదు.

మా సంఘంలో ముప్పై ఒక్క కుటుంబాల్లో బీసీ-సి కుటుంబాలు నాలుగు. మిగిలినవాళ్లు కాగితం మీద హిందూ మాదిగ. ఇది మోసమని అనేవాళ్లకు ఒకటే అడుగుతాను. వాళ్లు ఏ రోజున మాదిగలు కాకుండా పోయారో చెప్పండి, ఆ తేదీ నుంచి లెక్క తీద్దాం. ఇంకో మాట మన కామ్రేడ్లకు. సభల్లో బాబాసాహెబ్ 1956లో నాగపూర్‌లో మతం మారిన రోజును పండుగ చేసుకుంటాం, మంచిదే. అదే వేదిక మీద మన పక్కన కూర్చున్న క్రైస్తవ మిత్రుడు తన ఇంట్లో పిలిచే పేరు చెప్పడానికి జంకుతాడు. మనకు తెలుసు. తెలిసీ ఆ విషయం మన తీర్మానాల్లో ఏడో అంశంగా, టీ విరామం తర్వాత వస్తుంది.

పెద్దనాయిన పుస్తకం ఎందుకు ఇయ్యనన్నాడో అప్పుడే నాకు సగం తెలుసు. మిగతా సగం మొన్న బుధవారం సాయంత్రం ఆయన ఇంటికి పోతే తెలిసింది. కోపంగా పోయాను. చాయ్ ఇచ్చారు. ఆయన ఒక కంటికి మోతిబిందు ఆపరేషన్ అయింది, రెండోది కావాలి. నేనేం మాట్లాడకముందే ఆయనే మొదలుపెట్టాడు.

"నా మనుమడు ఇంజినీరింగ్ల ఉన్నడు. ఏ సర్టిఫికెట్ మీద ఉన్నడో నీకెరుకనే. మొన్ననే వర్గీకరణ అయింది, మాదిగోల్లకు తొమ్మిది శాతం గ్రూపుల వచ్చింది. ముప్పై ఏండ్లు కొట్లాడితె వచ్చింది. నువ్వు పుస్తకం అచ్చేస్తవు. అండ్ల వాని పేరుంటది, వాని నాయిన పేరుంటది. ఓర్వనోడు ఒక్కడు చాలు. పేజీ చింపి అర్జీకి అంటిస్తడు."

"పెద్దనాయినా, భయపడి ఎన్నాళ్లు..."

"మీ నాయిన భయపడలే. ఏమైంది?"

జవాబు చెప్పలేకపోయాను. ఆయనే లేచి లోపలికి పోయాడు. జొన్నలు పోసే గుమ్మి పక్కన ఉన్న ట్రంకు పెట్టె తీసిన చప్పుడైంది. గుడ్డలో చుట్టిన బైండు పుస్తకం తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. "ఫోటో తియ్యద్దు. ఇంటికి ఇయ్య. ఈడ కూసొని చదువు. నాక్కూడ వినపడేటట్టు చదువు, నాకు కండ్లు ఆనుతలేవు."

చదివాను. నెంబరు, పేరు, తండ్రి లేక భర్త పేరు, ఊరు, తేదీ, సంతకం లేక వేలిముద్ర. మొదటి పేరు నాయినమ్మది. ఆమె బాప్తిస్మం ఇక్కడ కాకపోయినా, పాస్టరయ్య ఆమెనే మొదట రాశాడట, "వచ్చినామె" అని. తర్వాత ఆ ఏడుగురు. ఒక్కొక్క పేరు నేను చదువుతుంటే పెద్దనాయిన ఆపి చెప్పేవాడు. ఈమె మునిగినప్పుడు చెప్పు బురదలో పోయింది, మళ్లీ దొరకలేదు. ఈయన మునిగిన తెల్లారే డప్పు తెచ్చి గుడిలో పెట్టిండు, అందుకే మన గుడిలో పాటకు డప్పు ఉంటది. ఈమె చెరుకు బండి బోల్తాపడి పోయింది. ఈయన రెండేండ్లకు మళ్లా జాతరకు పోయిండు, మళ్లా వచ్చిండు, మళ్లా పోయిండు, "దేవునికే ఎరుక." నేను రాసుకోవడానికి పెన్ను తీయబోయి ఆపుకున్నాను. గుర్తుపెట్టుకోవడానికి ప్రయత్నిస్తూ విన్నాను. పరిశోధనలో మాకు నేర్పింది ఇది కాదు.

వేలిముద్రలు పోను పోను సంతకాలయ్యాయి. 2006లో నా పేరు వచ్చింది, నా సంతకం. పదహారేళ్ల పిల్ల వంకర సంతకం. పేజీ తిప్పాను. తెల్లగా ఉంది. ఇంకో పేజీ తిప్పాను. పుస్తకం చివరిదాకా తెల్లగానే ఉంది.

"ఇదేంది పెద్దనాయినా? నా తర్వాత బాప్తిస్మాలు కాలేదా? మా చెల్లెలిది నా ముందటనే అయింది గదా. మొన్న ఈస్టర్‌కు ముగ్గురు..."

"బాప్తిస్మాలు ఆగలే. రాసుడు ఆగింది."

అదే యేడు పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. మా ఊరికి ఎస్సీ రిజర్వేషన్. మా సంఘంలో ఒకాయన నిలబడి గెలిచాడు. ఓడినాయన వైపు వాళ్లు అర్జీ పెట్టారు, ఈయన క్రైస్తవుడు, సీటు చెల్లదని. విచారణకు వచ్చినవాళ్లు వాడంతా తిరిగి, చర్చి పుస్తకం ఏదని అడిగారు. పెద్దనాయిన పుస్తకాన్ని గుమ్మిలో, జొన్నల అడుగున పెట్టి, గడపలో కూర్చున్నాడు. "పుస్తకం ఉందా?" అని అడిగారట.

"ఏం చెప్పినవు?"

"లేదన్న."

గదిలో కాసేపు ఎవరం మాట్లాడలేదు. ఉన్నదంటే ఉన్నదని, లేదంటే లేదని చెప్పాలని నలభై ఏళ్లుగా ఆదివారం ఆదివారం మాకు చెప్పిన మనిషి. "అప్పటిసంది పుస్తకం లేదు బిడ్డా. లేదని చెప్పినంక అండ్ల రాస్తె, ఉన్నట్టే గదా" అన్నాడు. సర్పంచి సీటు నిలిచింది. ఆ అయిదేళ్లలో వాడకు నీళ్ల ట్యాంకు, సీసీ రోడ్డు వచ్చాయి. ఆ నీళ్లు నేను కూడా తాగాను.

దొరలు మా పేర్లు పట్టించుకోక వదిలేశారు. నేను పట్టించుకుని వదిలేయాల్సి వస్తోంది. చదివేవాళ్లకు రెండు పుస్తకాలూ ఒక్కతీరే కనిపిస్తాయి, రెండింట్లోనూ "ఒక స్త్రీ" అనే ఉంటుంది. ఈ మాట నన్ను మూడు రాత్రుల నుంచి నిద్ర పోనివ్వడం లేదు. మూడో పేరా పోయేదాకా మా చరిత్ర మా నోళ్లలోనే ఉండాలా? నోళ్లు ఒక్కొక్కటే మూసుకుంటున్నాయి. బర్రెల రేవులో మునిగిన ఏడుగురిలో ఒక్కామె మిగిలింది, ఆమెకు ఇప్పుడు వరసలు గుర్తులేవు.

నేను లేస్తుంటే పెద్దనాయిన పుస్తకం మళ్లీ నా ముందుకు జరిపాడు. మొదటి పేజీ తీయమన్నాడు.

"మీ అవ్వ పేరు ఒక్కటి రాసుకో. ఆమె పేరుతోని ఎవ్వనికి ఏం పోదు. పోయేది మీ నాయిననే పోగొట్టిండు."

రాసుకున్నాను. నెంబరు ఒకటి, పేరు, భర్త పేరు, ఊరు దగ్గర పాలమూరు జిల్లా, వేలిముద్ర ఉండాల్సిన చోట కష్టపడి కూడబలుక్కుని పెట్టిన సంతకం. ఇక్కడ మాత్రం పెట్టను. ఆ పేరు చెబితే మా దిక్కు వాళ్లకు ఊరు తెలుస్తుంది, ఊరు తెలిస్తే గుమ్మి తెలుస్తుంది.

ఈ వారం నుంచి ప్రతి బుధవారం చాయ్ టైముకు పోతున్నాను. ఇంకా నలభై రెండు పేర్లు ఉన్నాయి. పెద్దనాయిన రెండో కన్ను ఆపరేషన్ వచ్చే నెలలో.